ఉన్న భాగంతోనే మరో పని
విద్యుత్ మార్పిడి వలయాల ఆవిష్కర్తలపై స్మారక ఉపన్యాసం, నోవై, మిషిగన్



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కలుసుకున్నామో ఆ మాస్టారు తన ఉద్యోగ జీవితమంతా ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పారు. బోర్డు మీద ఒక వలయం గీసి, ఒక్కో భాగం మీద వేలు పెట్టి, ఇది ఎందుకుంది, తీసేస్తే ఏమవుతుంది, దీనితో ఇంకేం చేయించవచ్చు అని పిల్లలను అడగడం ఆయన పద్ధతి. జవాబు రాకపోయినా కోప్పడేవారు కాదు. ఆలోచించకుండా జవాబు చెబితే మాత్రం ఒప్పుకునేవారు కాదు. అలాంటి గురువును పొగడ్తలతో కాక ఒక పాఠంతో తలుచుకోవడమే సబబని నాకనిపించింది. అందుకే ఆయన అడిగే మూడో ప్రశ్ననే ఈ ఉపన్యాసానికి విషయంగా తీసుకున్నాను. విద్యుత్ మార్పిడి వలయాల చరిత్రలో పెద్ద ఆవిష్కరణలు చాలావరకు కొత్త భాగాన్ని చేర్చడం వల్ల వచ్చినవి కావు. అక్కడ ఉన్న భాగం మరో పని కూడా చేయగలదని ఒకరు గమనించడం వల్ల వచ్చినవి. ఆ చూపు ఎలా అలవడుతుందన్నదే నేను చెప్పదలచుకున్నది.

ఈ ఊళ్లో ఈ మాట

ఈ విషయం మాట్లాడడానికి నోవై తగిన చోటు. 1940లలో ఇండియానాపోలిస్ 500 కార్ల పందెంలో ‘నోవై’ పేరుతో పరుగెత్తిన సూపర్‌ఛార్జ్‌డ్ వీ8 ఇంజన్‌కు ఆ పేరు ఈ ఊరి నుంచే వచ్చింది. దాని యజమాని లూ వెల్చ్ ఇక్కడ ఇంజన్ గవర్నర్లు తయారుచేసే కంపెనీ నడిపేవాడు. ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే పరికరం గవర్నర్. ఇప్పుడు అదే పనిని ఎలక్ట్రిక్ కారులో, బ్యాటరీ డీసీని మోటారుకు ఏసీగా మార్చి ఇచ్చే ఇన్వర్టర్ చేస్తోంది. విద్యుత్ ప్రసార లైన్లు నడిపే ఐటీసీ హోల్డింగ్స్ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. ఉత్తర అమెరికా బ్యాటరీ ప్రదర్శన చాలా ఏళ్లు ఇక్కడి సబర్బన్ కలెక్షన్ షోప్లేస్‌లో జరిగింది. 2025 జూలైలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మహాసభలు జరిగింది కూడా ఆ ప్రాంగణంలోనే. మనవాళ్లలో ఎంతోమంది పగలంతా ల్యాబుల్లో ఇన్వర్టర్లు, ఛార్జర్లు, బ్యాటరీ నియంత్రణల మీద పనిచేసి, సాయంత్రం టాఫ్ట్ రోడ్డు మీది వేంకటేశ్వరస్వామి గుడికి వస్తారు. మన పిల్లలకు మన పని ఏమిటో తెలుగులో చెప్పగలగాలి. ఈ ఉపన్యాసం ఆ ప్రయత్నం కూడా.

ఈ ప్రాంతానికి ఎలక్ట్రిక్ కారు కొత్తది కాదు. డిట్రాయిట్ ఎలక్ట్రిక్ కార్లు 1907 నుంచే తయారయ్యాయి. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా నడిపింది అలాంటి కారునే. పీటర్ కూపర్ హ్యూవిట్ 1902లో కనిపెట్టిన పాదరసపు రెక్టిఫైయర్, అంటే లోపల పాదరసపు ఆవిరితో వెలిగే గాజు బుడ్డి, ఇంటికొచ్చే ఏసీని డీసీగా మార్చి ఆ కార్ల బ్యాటరీలను నింపేది. ఆనాడు కూడా కారు వెనుక ఒక మార్పిడి వలయం ఉంది.

ముప్పై తొమ్మిది కిలోవాట్ల లెక్క

మార్పిడి అంటే ఏమిటో ఒక లెక్కతో చూద్దాం. ఎలక్ట్రిక్ కారు కింది పెద్ద బ్యాటరీ సుమారు 400 వోల్టులు. హెడ్‌లైట్లు, వైపర్లు, కంప్యూటర్లు నడిచేది 12 వోల్టుల మీద. వాటన్నిటికీ కలిపి 100 ఆంపియర్లు కావాలనుకుందాం. అంటే 1,200 వాట్లు. 400 వోల్టులను ఒక రెసిస్టర్ గుండా పంపి 12కు దించితే, తక్కిన 388 వోల్టులు రెసిస్టర్ మీదే పడతాయి. 388ని 100తో హెచ్చవేస్తే 38,800 వాట్లు. 1.2 కిలోవాట్ల పనికోసం దాదాపు 39 కిలోవాట్లు వేడిగా తగలబెట్టాలి. అలా చేస్తే కారు నడవడం మాట అటుంచి, అది కరిగిపోతుంది.

దీనికి మందు స్విచ్. స్విచ్ వేసి ఉన్నప్పుడు దాని గుండా కరెంటు పోతుంది, దాని మీద వోల్టేజి దాదాపు ఉండదు. తీసి ఉన్నప్పుడు దాని మీద వోల్టేజి ఉంటుంది, కరెంటు ఉండదు. రెండు సందర్భాల్లోనూ వోల్టేజినీ కరెంటునూ హెచ్చవేస్తే దాదాపు సున్నా వస్తుంది. అంటే స్విచ్ దాదాపు ఏమీ తినదు. కాబట్టి 400 వోల్టులను వేగంగా వేస్తూ తీస్తూ, ఎంతసేపు వేసి ఉంచామన్న పాళ్లను బట్టి సగటు వోల్టేజిని నిర్ణయిస్తాం. చెరువు తూము తలుపును వెంటవెంటనే ఎత్తుతూ దించుతూ ఉంటే, దిగువ కాలువ పొడవునా నీరు సర్దుకుని ఒకే మట్టంలో పారినట్టు, స్విచ్ తర్వాత ఉన్న కాయిలూ కెపాసిటరూ ఆ తునకలను సర్ది నిలకడైన వోల్టేజిగా ఇస్తాయి. కరెంటు ఉన్నట్టుండి మారడాన్ని కాయిల్ ఒప్పుకోదు, వోల్టేజి ఉన్నట్టుండి మారడాన్ని కెపాసిటర్ ఒప్పుకోదు. ఈ రెండింటి మొండితనమే మనకు ఆధారం.

400ను 12 చేయాలంటే స్విచ్ నూటికి మూడు పాళ్లు మాత్రమే వేసి ఉండాలి. సెకనుకు లక్ష సార్లు వేసి తీస్తే ఒక్కో చక్రం 10 మైక్రోసెకన్లు. అందులో వేసి ఉండేది 0.3 మైక్రోసెకను. అంత సన్నటి తునకను కచ్చితంగా కోయడం కష్టం. పైగా ప్రాణం తీయగల 400 వోల్టుల వైపునూ మెకానిక్ చెయ్యి పెట్టే 12 వోల్టుల వైపునూ విడదీసి ఉంచాలి. అందుకే మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. ఒక్క భాగం రెండు కష్టాలను తీరుస్తుంది: వోల్టేజిని దించుతుంది, మనిషిని కాపాడుతుంది. మాస్టారి ప్రశ్నకు ఇది మొదటి జవాబు.

కాల్టెక్‌లో ఒక ఉపాధ్యాయుడు, ఒక శిష్యుడు

1970లో కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో ఆర్. డేవిడ్ మిడిల్‌బ్రుక్ అనే ఆచార్యుడు పవర్ ఎలక్ట్రానిక్స్ బృందాన్ని మొదలుపెట్టాడు. ఇంగ్లండులో పుట్టి, కేంబ్రిడ్జిలో, ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో చదివి, 1955లో కాల్టెక్‌లో చేరినవాడు. ఇలా స్విచ్‌తో వోల్టేజిని మార్చే వలయాలు, అంటే స్విచింగ్ కన్వర్టర్లు, అప్పటికే వాడుకలో ఉన్నాయి. అవి ఎందుకు సరిగ్గా పనిచేస్తాయో, ఎందుకు ఒక్కోసారి అదుపు తప్పి ఊగిపోతాయో చెప్పే శాస్త్రం మాత్రం సరిగ్గా లేదు. స్విచ్ వేసినప్పుడు ఒక వలయం, తీసినప్పుడు మరో వలయం. సెకనుకు వేల సార్లు రూపం మార్చుకునే ఆ వస్తువును సమీకరణంలో పట్టేదెలా?

యుగోస్లావియా నుంచి వచ్చిన శిష్యుడు స్లొబొడాన్ చూక్‌తో కలిసి మిడిల్‌బ్రుక్ 1976లో దానికి దారి చూపాడు. స్విచ్ వేసినప్పటి వలయానికి ఒక సమీకరణం, తీసినప్పటి వలయానికి మరొకటి రాయాలి. ఎంతసేపు ఏ స్థితిలో ఉందో ఆ పాళ్లలో రెండింటి సగటు తీయాలి. అప్పుడు స్విచ్ కనిపించకుండా పోయి, మామూలు వలయాల లెక్కల్లో ఇమిడే సమీకరణం మిగులుతుంది. స్టేట్ స్పేస్ ఏవరేజింగ్ అని మన కాలేజీల్లో నేర్పేది ఇదే. ఈ మాట విన్నాక అంతేనా అనిపిస్తుంది. అంతేనా అనిపించేలా చెప్పగలగడమే వాళ్ల గొప్పతనం.

అదే ఏడాది మిడిల్‌బ్రుక్ రాసిన మరో పత్రం ఈ గదిలో కూర్చున్న ఇంజినీర్లకు రోజూ పనికొచ్చేది. వోల్టేజి తగ్గితే మామూలు బల్బు తక్కువ కరెంటు లాగుతుంది. బాగా నియంత్రించిన కన్వర్టర్ అలా చేయదు. అవతలివైపు ఇవ్వాల్సిన పవర్ ఇచ్చి తీరాలి కాబట్టి, వోల్టేజి తగ్గితే ఎక్కువ కరెంటు లాగుతుంది. అంటే తన వెనుక ఉన్న సరఫరాకు అది రుణాత్మక రెసిస్టెన్స్‌లా కనిపిస్తుంది. ఆ సరఫరాకూ కన్వర్టర్‌కూ మధ్య, విద్యుత్ రొదను ఆపడానికి కాయిల్, కెపాసిటర్‌తో ఒక మంచి ఫిల్టర్ పెట్టామనుకోండి. ఫిల్టర్ విడిగా బాగానే ఉంటుంది, కన్వర్టర్ విడిగా బాగానే ఉంటుంది. కలిపితే వ్యవస్థ ఊగిపోవచ్చు. ఫిల్టర్ ఇంపెడెన్స్, అంటే మారే కరెంటుకు అడ్డు, కన్వర్టర్ ఇంపెడెన్స్ కన్నా బాగా తక్కువగా ఉంటే ఈ బెడద ఉండదని ఆయన తేల్చాడు. ఒకే బ్యాటరీకి ఇన్వర్టరు, ఛార్జరు, ఎయిర్ కండిషనర్ కంప్రెసరు, 12 వోల్టుల కన్వర్టరు వేలాడే ఈనాటి కారులో ప్రతి డిజైనరూ ఆ నియమాన్ని తలుచుకోవలసిందే.

ఇక చూక్ చేసిన పని. అప్పటికి బాగా తెలిసినవి మూడు కన్వర్టర్లు. వోల్టేజిని దించే బక్, పెంచే బూస్ట్, రెండూ చేయగల బక్-బూస్ట్. బక్‌లో లోపలికి వచ్చే కరెంటు ముక్కలు ముక్కలుగా వస్తుంది. బూస్ట్‌లో బయటికి పోయేది ముక్కలు. బక్-బూస్ట్‌లో రెండు వైపులా ముక్కలే. ముక్కల కరెంటు అంటే రొద, రొద అంటే రేడియోకూ పక్కనున్న పరికరాలకూ ఇబ్బంది. చూక్ లోపలి వైపు ఒక కాయిల్, బయటి వైపు ఒక కాయిల్ పెట్టి, మధ్యలో శక్తిని మోసే పనిని కెపాసిటర్‌కు అప్పగించాడు. స్విచ్ తీసినప్పుడు లోపలి కాయిల్ కరెంటు డయోడ్ గుండా పోతూ కెపాసిటర్‌ను నింపుతుంది. స్విచ్ వేసినప్పుడు ఆ కెపాసిటర్ తన శక్తిని బయటి కాయిల్ వైపు ఇస్తుంది. ఇటూ అటూ కరెంటు ఎప్పుడూ తెగదు.

అసలు ఆవిష్కరణ ఆ తర్వాతిది. రెండు కాయిళ్ల మీదా పడే వోల్టేజి తరంగం ఒకే ఆకారంలో ఉందని చూక్ గమనించాడు. అలాంటప్పుడు రెండు వేర్వేరు ఇనుప కోర్లు ఎందుకు? రెండు చుట్లనూ ఒకే కోర్ మీద చుట్టవచ్చు. అలా చుట్టి, చుట్ల సంఖ్యనూ వాటి మధ్య అయస్కాంత బంధాన్నీ సరిగ్గా కుదిరిస్తే, ఒక వైపు కరెంటులోని అలలు పూర్తిగా అణిగిపోతాయి. ఒక భాగాన్ని తీసేయడంతోనే బరువు తగ్గింది, నాణ్యత పెరిగింది. 1977లో ఈ కన్వర్టర్‌ను లోకానికి చూపారు. 1980 జనవరిలో చూక్, మిడిల్‌బ్రుక్ పేర్ల మీద పేటెంటు వచ్చింది. ప్రపంచమంతటా విద్యార్థులు దాన్ని ఇవాళ చూక్ కన్వర్టర్ అనే పిలుస్తారు.

మోటారే ఛార్జర్

కాల్టెక్‌లో చదివి 1980లో బయటికొచ్చిన అలన్ కొక్కోని ఈ విద్యను కారు మీదికి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు. 1987లో జనరల్ మోటార్స్, ఏరోవైరన్‌మెంట్ అనే సంస్థ కలిసి సన్‌రేసర్ అనే సౌర కారును ఆస్ట్రేలియాలో డార్విన్ నుంచి ఆడిలైడ్ దాకా 3,005 కిలోమీటర్ల పందెంలో దించాయి. గంటకు సగటున 67 కిలోమీటర్ల వేగంతో అది గెలిచింది. దాని పవర్ ఎలక్ట్రానిక్స్‌లో కొక్కోని చేతిపని ఉంది. ఆ గెలుపు నుంచి ఇంపాక్ట్ అనే ఎలక్ట్రిక్ కారు పుట్టింది. 1990 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో జనరల్ మోటార్స్ దాన్ని బయటపెట్టింది. ముందు రెండు చక్రాలకు రెండు ఇండక్షన్ మోటార్లు, ఒక్కోటి 57 హార్స్‌పవర్. బ్యాటరీ లెడ్-యాసిడ్‌దే. అయినా ఆగి ఉన్న చోటి నుంచి గంటకు 60 మైళ్ల వేగాన్ని సుమారు 8 సెకన్లలో అందుకుంది. ఆ మోటార్లను నడిపిన ట్రాన్సిస్టర్ ఇన్వర్టర్లు కొక్కోని కట్టినవే.

ఇన్వర్టర్‌లో ఒక్క శాతం ఎంత విలువైనదో చూడండి. 100 కిలోవాట్లు ఇన్వర్టర్‌లోకి పోతున్నప్పుడు నూటికి 95 వంతులు బయటికొస్తే 5 కిలోవాట్లు వేడి. నూటికి 98 వస్తే 2 కిలోవాట్లు. మూడు కిలోవాట్ల తేడా అంటే చిన్న రేడియేటర్, తేలికైన కారు, అదే బ్యాటరీతో మరింత దూరం.

ఏరోవైరన్‌మెంట్‌లో కొక్కోని సహచరుడు వాలీ రిపెల్. ఆయన కాల్టెక్ విద్యార్థిగా 1968లోనే ఫోక్స్‌వాగన్ బస్సును ఎలక్ట్రిక్‌గా మార్చి, ఎంఐటీ విద్యార్థుల కారుతో దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి పందెం వేశాడు. ఎంఐటీ కారు ముందు చేరినా, దారిలో పడ్డ జరిమానా సమయం కలపగా గెలుపు కాల్టెక్‌దైంది. ఇరవై ఏళ్ల తర్వాత రిపెల్ మనసులో ఉన్న చిక్కు ఛార్జర్‌ది.

ఛార్జర్‌కు ఏం కావాలో లెక్క వేద్దాం. గోడ ప్లగ్ నుంచి వచ్చే 240 వోల్టుల ఏసీని డీసీగా మార్చే స్విచ్‌లు కావాలి. కరెంటును సాఫీగా లాగడానికి పెద్ద కాయిల్ కావాలి. ఈ స్విచ్‌లను ఆడించే నియంత్రణ కావాలి. ఎక్కువ పవర్‌తో నింపాలంటే ఇవన్నీ పెద్దవవుతాయి, బరువెక్కుతాయి, ఖరీదెక్కుతాయి. ఇప్పుడు కారులో అప్పటికే ఏముందో చూడండి. బ్యాటరీ డీసీని మోటారుకు కావలసిన ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఉంది. దానిలో ఆరు స్విచ్‌లు ఉన్నాయి. మోటారు ఉంది. మోటారు లోపల ఇనుము మీద చుట్టిన రాగి తీగే కదా, అదే కాయిల్. నియంత్రణ ఎలాగూ ఉంది. కారు నడుస్తున్నప్పుడు ఛార్జర్‌తో పనిలేదు, కారు ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మోటారుతో పనిలేదు. రెండూ ఒకే సమయంలో అక్కరలేదు. అలాంటప్పుడు వేరే ఛార్జర్ ఎందుకు?

ఇన్వర్టర్‌ను వెనక్కి నడిపితే అదే రెక్టిఫైయర్. బ్రేక్ వేసినప్పుడు మోటారు నుంచి బ్యాటరీకి శక్తి తిరిగొచ్చేది ఆ దారిలోనే. కాబట్టి గోడ ప్లగ్‌ను మోటారు చుట్ల మీదుగా ఇన్వర్టర్‌కు కలిపితే, చుట్లు కాయిల్‌గా, స్విచ్‌లు వోల్టేజిని పెంచే బూస్ట్ వలయంగా పనిచేసి బ్యాటరీని నింపుతాయి. మరి మోటారు తిరగదా? ఇండక్షన్ మోటారు తనంతట తాను కదలాలంటే లోపల తిరిగే అయస్కాంత క్షేత్రం ఉండాలి. ఒక్క ఫేజ్ కరెంటుతో వచ్చేది ఒకే గీత మీద అటూ ఇటూ ఊగే క్షేత్రం. ఆగి ఉన్న రోటర్‌ను అది బయలుదేరదీయలేదు. కారు నిలిచిన చోటే నిలుస్తుంది, బ్యాటరీ నిండుతుంది. ఇన్వర్టర్‌నే ఛార్జర్‌గానూ వాడే ఆలోచనకు రిపెల్ పేరున 1990లో కాల్టెక్‌కు ఒక పేటెంటు వచ్చింది. 1992లో రిపెల్, కొక్కోని ఇద్దరి పేరున జనరల్ మోటార్స్‌కు మరొకటి వచ్చింది.

దీనిలోని ఇబ్బందినీ చెప్పాలి. విడి ఛార్జర్లలో ఉండే ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ లేదు. అంటే గోడ కరెంటుకూ కారు బ్యాటరీకీ మధ్య తెర లేదు. బ్యాటరీకీ కారు బాడీకీ మధ్య సహజంగా ఉండే కెపాసిటెన్స్ గుండా, స్విచ్‌లు ఆడుతున్నప్పుడల్లా కాస్త కరెంటు ఎర్త్‌కు కారుతుంది. మనిషిని షాక్ నుంచి కాపాడడానికి ప్లగ్‌లో పెట్టే రక్షణ పరికరం కొన్ని మిల్లీఆంపియర్ల లీకేజి కనిపిస్తే చాలు, సరఫరా ఆపేస్తుంది. ఆ లీకేజిని అణచడానికి ఫిల్టర్లు, ఇన్సులేషన్ మీద నిఘా, తెలివైన స్విచింగ్ పద్ధతులు కావాలి. తీసేసిన భాగం చేస్తున్న పనిని ఎవరో ఒకరు చేయాలి. ఒక భాగం ఎందుకుందో పూర్తిగా తెలిసినవాడికే దాన్ని తీసేసే హక్కు.

ఇంపాక్ట్ నుంచి వచ్చిన ఈవీ1 కార్లు ఇక్కడికి గంట ప్రయాణ దూరంలోని లాన్సింగ్‌లో 1996 నుంచి 1999 దాకా తయారయ్యాయి. మొత్తం 1,117. వాటిని అమ్మలేదు, లీజుకు మాత్రమే ఇచ్చారు. ఛార్జింగ్‌కు మోటారు చుట్లను వాడలేదు. తీగలు తగలకుండా అయస్కాంత క్షేత్రంతో శక్తిని పంపే ప్యాడిల్‌ను ఎంచుకున్నారు. తర్వాత కార్లను వెనక్కి తీసుకుని చాలావాటిని నుజ్జు చేశారు. కారు పోయింది కానీ ఆలోచన పోలేదు.

కొక్కోని 1992లో ఏసీ ప్రొపల్షన్ అనే చిన్న సంస్థ పెట్టాడు. 1997లో వచ్చిన దాని టీజీరో కారులో అదే మోటారు-ఛార్జర్ పద్ధతి ఉంది. 2003లో మొదలైన టెస్లా, తొలి రోడ్‌స్టర్ కోసం ఏసీ ప్రొపల్షన్ దగ్గర ఆ పరిజ్ఞానానికి లైసెన్సు తీసుకుంది. రెనో జోయి కారు తొలి రూపం మోటారు చుట్లనూ ఇన్వర్టర్‌నూ వాడుకునే 43 కిలోవాట్లదాకా ఏసీతో ఛార్జ్ అయింది. 2021లో వచ్చిన హ్యుందాయ్ అయానిక్ 5లో బ్యాటరీ సుమారు 800 వోల్టుల శ్రేణిది. దారిలో ఉన్న ఛార్జర్ 400 వోల్టులదైతే, కారు తన మోటారు చుట్లనూ ఇన్వర్టర్‌నూ బూస్ట్ వలయంగా మార్చుకుని ఆ వోల్టేజిని పెంచుకుంటుంది. మూడు దశాబ్దాల కింద రిపెల్, కొక్కోని గీసిన బొమ్మ ఇవాళ రోడ్ల మీద తిరుగుతోంది.

మన నేల మీద

ఈ విద్య మనకు పరాయిది కాదు. కొక్కోని ఇంపాక్ట్ ఇన్వర్టర్ మీద పనిచేస్తున్న కాలంలోనే, 1989లో, మన లోయర్ సీలేరు నుంచి బస్తర్ ప్రాంతంలోని బర్సూరు దాకా 196 కిలోమీటర్ల హెచ్‌వీడీసీ, అంటే అధిక వోల్టేజి డీసీ, లైన్ నడవడం మొదలైంది. అది దేశీయ పరిజ్ఞానంతో కట్టిన ప్రయోగాత్మక లైన్. ఒక కొసన ఏసీని డీసీ చేసి, రెండో కొసన డీసీని మళ్లీ ఏసీ చేశారు. విశాఖపట్నం గాజువాకలో 500 మెగావాట్లవి రెండు బ్యాక్-టు-బ్యాక్ కేంద్రాలు, అంటే ఏసీని డీసీగా, మళ్లీ ఏసీగా ఒకే చోట మార్చే కేంద్రాలు, తూర్పు గ్రిడ్‌నూ దక్షిణ గ్రిడ్‌నూ కలిపాయి. కర్నూలు ప్రాంతంలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది. అక్కడ పలకల నుంచి వచ్చే ప్రతి వాటూ ఇన్వర్టర్ దాటాకే గ్రిడ్‌లోకి పోతుంది. 2018లో చెన్నైలోని రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్ తయారుచేసిన తొలి వందే భారత్ రైలును నడిపించే ప్రొపల్షన్ వ్యవస్థ హైదరాబాద్‌లోని మేధా సర్వో డ్రైవ్స్‌ది. ఇలాంటి రైళ్లలోనూ, చాలా కాలంపాటు ఎలక్ట్రిక్ కార్లలోనూ స్విచ్‌గా పనిచేసిన ఐజీబీటీ అనే ట్రాన్సిస్టర్‌కు 1980ల తొలి ఏళ్లలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో రూపం ఇచ్చినవారు బి. జయంత్ బాలిగా. ఆయన మద్రాసులో పుట్టి, ఐఐటీ మద్రాసులో చదివారు.

ఇంకొక పేరు చెప్పాలి. ప్రసాద్ ఎంజేటి 1980లో హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బీఈ, 1982లో ఐఐటీ కాన్పూర్‌లో ఎంటెక్, 1988లో మాంట్రియల్ కాంకార్డియాలో పీహెచ్‌డీ చేసి, టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఇన్వర్టర్ ఎప్పుడు స్విచ్ వేయాలో, ఎప్పుడు తీయాలో ముందే లెక్కకట్టి అవాంఛిత తరంగాలను (హార్మోనిక్స్‌ను) తుడిచేసే పద్ధతుల మీద 1990లో సహ రచయితలతో ఆయన వెలువరించిన విశ్లేషణ ఆ రంగంలో అందరూ చదివేది. అక్కడా కొత్త భాగం చేర్చలేదు. ఉన్న స్విచ్‌లనే మరింత తెలివిగా ఆడించారు. ఐఈఈఈ పవర్ ఎలక్ట్రానిక్స్ సొసైటీ మిడిల్‌బ్రుక్ పేరున పెట్టిన పురస్కారం 2012లో తొలిసారి ఆయనకే దక్కింది. కాల్టెక్‌లో ఒక ఉపాధ్యాయుడు మొదలుపెట్టిన పనికి గుర్తుగా పెట్టిన గౌరవం, ఉస్మానియాలో చదివిన విద్యార్థికి మొట్టమొదట అందింది. మన కాలేజీ పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

చూపు ఎక్కడి నుంచి వస్తుంది

మిడిల్‌బ్రుక్ ఆవిష్కర్త, అంతకన్నా ముందు ఉపాధ్యాయుడు. సమీకరణం సరైనదైతే చాలదని, దాన్ని చూడగానే ఏ భాగాన్ని ఎటు మార్చాలో డిజైనర్‌కు తెలియాలని ఆయన పట్టుబట్టాడు. పేజీ నిండా గుర్తులు నింపిన జవాబు ఆయన దృష్టిలో జవాబు కాదు. దేనివల్ల ఏమవుతుందో కనిపించేలా సర్ది రాసిందే జవాబు. ఇవాళ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ క్షణాల్లో తరంగాలు గీసి చూపిస్తుంది. అది చాలా మంచి పనిముట్టు. అయితే మనం గీసి ఇచ్చిన వలయం ఎలా ప్రవర్తిస్తుందో అది చెబుతుంది, మోటారు చుట్టును కాయిల్‌గా వాడుకోవచ్చని తనంతట తాను గుర్తుచేయదు. రెండు కాయిళ్ల మీద ఒకే తరంగం పడుతోందని తట్టింది చూక్‌కు, సాఫ్ట్‌వేర్‌కు కాదు.

మన తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో పవర్ ఎలక్ట్రానిక్స్ పాఠం చాలాచోట్ల పరీక్షకోసం బొమ్మలు బట్టీ పట్టడంగా మిగిలిపోయింది. ల్యాబులో ముందే బిగించిన కిట్‌కు తీగలు కలిపి, రికార్డులో రీడింగ్‌లు రాసి, సంతకం పెట్టించుకోవడంతో అయిపోతోంది. వలయాన్ని తన చేత్తో కట్టి, అది కాలిపోయి, ఎందుకు కాలిందో కనుక్కునే అవకాశం చాలామంది పిల్లలకు దొరకడం లేదు. వాళ్లలో తెలివి లేక కాదు, ఓసిలోస్కోప్ దొరక్క, అడిగేవాళ్లు దొరక్క. మాస్టారు ఏ పరికరమూ లేని రోజుల్లో సుద్దముక్కతో ఆ లోటు తీర్చారు. ఇవాళ మన చేతుల్లో పరికరాలున్నాయి, అనుభవం ఉంది, సెలవు దినాలున్నాయి.

నా విన్నపం ఇది. ఈ ప్రాంతంలో కన్వర్టర్లు, ఇన్వర్టర్లు, ఛార్జర్ల మీద పనిచేసే ప్రతి తెలుగు ఇంజినీరూ తాను చదువుకున్న కాలేజీలో ఫైనలియర్ విద్యార్థుల ఒక బృందానికి ఏడాదిపాటు తోడుండాలి. నెలకు రెండు సాయంత్రాలు వీడియో కాల్‌లో వాళ్ల వలయం చూసి, మాస్టారి మూడు ప్రశ్నలూ అడిగితే చాలు. పదిమంది కలిస్తే ఒక కాలేజీ ల్యాబుకు మంచి ఓసిలోస్కోప్, డిఫరెన్షియల్ ప్రోబ్‌లు, కాలిన ట్రాన్సిస్టర్ల బదులు కొత్తవి కొనడానికి ఏడాదికి సరిపడా డబ్బు సమకూర్చగలరు. ఏ వలయం మీద పనిచేస్తున్నారో దాని గురించి, కంపెనీ రహస్యాలు తాకకుండా, తెలుగులో నాలుగు పేజీలు రాయండి. ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన ఛార్జ్ మిగిలి ఉండవచ్చన్న మాట మొదటి పేజీలోనే పెట్టండి. ఆ వ్యాసాలను మాస్టారి స్మారకంగా అచ్చువేసి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల లైబ్రరీలకు పంపాలని నిర్వాహకులను కోరుతున్నాను.

విద్యార్థులకు ఒక మాట. పాడైన ఫోన్ ఛార్జర్‌నో స్టెబిలైజర్‌నో విప్పే ముందు పెద్దవాళ్లను పక్కన పెట్టుకోండి. విప్పాక అందులోని ప్రతి భాగం ఎందుకుందో రాయండి. చివరి వరుసలో, వీటిలో ఏది ఇంకో పని కూడా చేయగలదో రాయండి. ఆ వరుస ఖాళీగా ఉన్నంత కాలం చదువు పూర్తికానట్టే. అది నింపగలిగిన రోజున మీ పేరు మీదా ఒక వలయం ఉంటుంది. మాస్టారికి మనం చేయగల అసలైన నివాళి ఆ వరుసను నింపగల విద్యార్థిని తయారుచేయడమే. ఆ పనికి ఈ సభ నుంచే పేర్లు నమోదు చేయించుకోమని అందరినీ కోరుతున్నాను.